వాగిరాన్ పాదం

జోగ్జా,
జావా,
18 ఏప్రిల్ 2012

వెనింగ్ తల్లీ,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడం నా మర్యాద. బాగున్నాను, ఇక్కడ వాన, తిండికి లోటు లేదు. ఈ మాత్రానికి తపాలా బిళ్ళ దండగ. పోనీ ఫోన్ చేస్తానంటావేమో, వద్దు. ఫోన్లో ఒక్క "బాగున్నాను"తో అబద్ధమాడి పెట్టేస్తావు. కాగితం మీద ఆడాలంటే కాస్తయినా చెయ్యి నొప్పి పుట్టాలి. ముప్పై ఆరేళ్ళు బడిపిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని, ఎక్కడ కలం తడబడిందో పట్టేస్తాను.

నా సంగతి విను. వైద్య కళాశాల వాళ్ళు ఈ ఏడాది కూడా నన్ను ఉత్తుత్తి రోగిగా పెట్టుకున్నారు. రోగితో ఎలా మాట్లాడాలో నేర్చుకునే మూడో ఏడు పిల్లలకి నేనొక బల్లలాంటిదాన్ని. ఒకడి తర్వాత ఒకడు వచ్చి నా మీద సాధన చేసి పోతారు. అద్దం వెనక డాక్టర్ హప్సారి మార్కుల కాగితం పట్టుకుని కూర్చుంటుంది. ఈ నెలలో నాకు పదకొండుసార్లు కాన్సరు వచ్చింది, నాలుగుసార్లు గుండెపోటు. ఇంటికొచ్చి మిరపకాయ పచ్చడితో వేయించిన సోయా టెంపే ముక్కలు తింటున్నాను. ఆరోగ్యం బాగానే ఉంది.

నిన్న ఒకబ్బాయి వచ్చాడు. చెడువార్త చెప్పే పాఠం. చేతులు కడుక్కున్నాడు, కడుక్కున్నాడు, శవానికి స్నానం చేయించినంతసేపు కడుక్కున్నాడు. తర్వాత నా ఎదురుగా కూర్చుని, అరచేతిలో రాసుకున్నది చూసి, "అమ్మా, మీరు ఎంత బాధపడుతున్నారో నాకు అర్థమవుతోంది" అన్నాడు. ఇంకా ఏ వార్తా చెప్పలేదు!

"ఎందుకు బాబూ, ఏమైంది?" అన్నాను.

మళ్ళీ అరచెయ్యి చూసుకున్నాడు. కడిగిన కడుగుడికి మిగతాదంతా చెరిగిపోయింది పాపం.

అసలు చిక్కు ఏమిటంటే, నా రోగాలన్నీ పాతబడ్డాయి. "బు సుదార్మి, అదే ఆ టీచరమ్మ, మూడో ప్రశ్నకి ఏడుస్తుంది, రుమాలు రెడీగా పెట్టుకో" అని సీనియర్లు జూనియర్లకి ముందే చెప్పి పంపుతున్నారట. ఒకమ్మాయి నేను ఏడవకముందే రుమాలు చాచింది. ఇంత చేశాక ఏడవకపోతే బాగుండదని ఏడ్చాను. కొత్త కేసు కావాలంటోంది హప్సారి. హౌస్ సర్జన్‌వి కదా, అసలు రోగుల మధ్య ఉన్నావు. ఎవరైనా ఉంటే రాయి. ఊరికే వాన సంగతి రాయకు.

అమ్మమ్మ

---

కరంగ్‌సారి ఆసుపత్రి వసతి గృహం,
27 ఏప్రిల్

అమ్మమ్మకు నమస్కారాలు,

రోగి గురించి అడిగావు. ఒకాయన ఉన్నాడు.

పేరు వాగిరాన్. అరవై ఒక్కేళ్ళు. ఈ కొండల్లో సున్నపు బట్టీలో పని. షుగరు ఉందని తెలియదు. వేడి సున్నం మీద ఉత్తకాళ్ళతో నడిచాడు, కాలిన సంగతే తెలియలేదు. ఈ నెల పన్నెండున ఆసుపత్రికి వచ్చేసరికి కుడికాలు రెండు వేళ్ళు బొగ్గులా ఉన్నాయి.

నేనే చూశాను, నేనే చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. నెత్తురు ఎందుకు అందడం లేదో, కుళ్ళు ఎలా పైకి పాకుతుందో, మూడు రోజుల్లోగా పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళి ఆ రెండు వేళ్ళూ తీయించుకోవాలని, అన్నీ వరసగా చెప్పాను. నేను చెప్పిన ప్రతిదానికీ "చిత్తం డాక్టరమ్మా" అన్నాడు. రెండు చేతులూ తొడల మధ్య పెట్టుకుని, తల వంచుకుని. "అర్థమైందా?" చిత్తం. "వెళతారా?" చిత్తం. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను. రికార్డులో "రోగికి అర్థమైంది, అంగీకరించారు" అని రాసి సంతకం పెట్టాను.

నిన్న వాళ్ళావిడ సుగియెం వచ్చింది, కట్టు కట్టడానికి గుడ్డ కావాలని.

"ఆపరేషన్ ఎప్పుడైంది?" అన్నాను.

"ఏ ఆపరేషనమ్మా?"

చీటీ ఏదని అడిగితే "భద్రంగా ఉందమ్మా" అంది. పొలం కాగితం, పెళ్ళి కాగితం ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకున్నారు. డాక్టరు స్వయంగా రాసిచ్చిన కాగితం, ఇంట్లో ఉంటే మంచిదని. వచ్చినవాళ్ళకి తీసి చూపిస్తున్నారట కూడా.

నర్సుని తీసుకుని వాళ్ళింటికి పరిగెత్తాను. వాకిట్లోనే వాసన. పాదం ముందు భాగమంతా కుళ్ళిపోయింది. పెద్ద డాక్టర్ ప్రియో నా ముఖం కూడా చూడలేదు. "రెండు వేళ్ళతో పోయేది చీలమండ దాకా తెచ్చావు. నువ్వేగా చెప్పింది, సంతకం నీదేగా? వెళ్ళి నువ్వే ఒప్పించు" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ చిత్తం అన్నాడు. ఇవాళ పొద్దున్న అంబులెన్స్ వెళ్ళేసరికి ఇంట్లో లేడు. ఆ కాలుతోనే పక్క ఊళ్ళో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు.

ఇంకా ఆలస్యమైతే కాలుతో ఆగదు, ప్రాణం పోతుంది. రాత్రి ఆయన వంచిన తలే కళ్ళ ముందుంది. ఆయన ముఖం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను, అమ్మమ్మా. నడినెత్తి మాత్రం చెప్పగలను.

వెనింగ్

---

జోగ్జా,
3 మే

గౌరవనీయ డాక్టర్ వెనింగ్ గారికి,

మార్కుల కాగితంలో తొమ్మిదో అంశం: చెప్పిన సంగతిని రోగి చేత రోగి మాటల్లోనే తిరిగి చెప్పించుట. తమరికి ఆ అంశంలో పూర్తి మార్కులు వచ్చాయి. నాకెలా తెలుసంటే నీ పరీక్ష నాడు రోగిని నేనే. మనవరాలని మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగాను. చక్కగా చెప్పించావు నా చేత. మరి ఆయన దగ్గర ఏమైంది? కొండెక్కితే చదువు దిగిపోయిందా?

"అర్థమైందా" అని అడిగితే ఈ దేశంలో ఎవడైనా కాలేదని అంటాడా? మా హెడ్మాస్టరు నన్ను అడిగినప్పుడు నేనూ కాలేదనలేదు.

ఇంక ఆ వాగిరాన్ సంగతి. మొండివాడు, పైగా కత్తంటే భయం. బుజ్జగిస్తే లాభం లేదు. గట్టిగా చెప్పు.

ఇప్పుడు మంచి కబురు. నీ రోగిని నిన్న తరగతిలో నిలబెట్టాను! నేను సుగియెం అయ్యాను. పాత బాతిక్ లుంగీ కట్టుకుని, చంకలో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. "భద్రంగా ఉందమ్మా" అన్న మాట అన్నాను చూడు, ముప్పై రెండు మంది పిల్లలు ఊపిరి బిగపట్టారు. హప్సారి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను ఇంతవరకు చూడలేదు. తర్వాత "ఈ డాక్టరు చేసిన తప్పులేమిటి?" అని అడిగితే బోర్డు నిండిపోయింది. ఇకనుంచి ప్రతి ఏడూ ఈ కేసే చెబుతామంటున్నారు. పేరు చెప్పలేదులే. కొండ ఊరి ఆసుపత్రిలో చిన్న వయసు లేడీ డాక్టరు అన్నానంతే. నీ పుణ్యాన ముప్పై రెండు మంది బాగుపడ్డారనుకో.

నాకు రెండు టిఫిన్ పెట్టెలిచ్చారు ఆ రోజు. ఒకటి పక్కింటికి పంపాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

---

కరంగ్‌సారి,
8 మే

అమ్మమ్మా,

పన్నెండు.

బోర్డు మీద రాసిన తప్పులు పన్నెండు. కాలేజీ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న అమ్మాయికి చెల్లెలుంది, ఆ తరగతిలోనే. ఫోటో తీసి పంపింది. కింద, "అక్కా, ఇది నువ్వు కాదు కదా?" అని. మా జట్టులో కొండ ఊళ్ళో పనిచేసే ఆడ డాక్టరుని నేనొక్కదాన్నే. నువ్వు పేరు కూడా చెప్పి ఉంటే కాస్త తక్కువ సిగ్గుగా ఉండేదేమో.

నాలుగోది, రోగి ముఖం చూడలేదు. ఏడోది, డాక్టరుకి అహంకారం. పదకొండోది, తొందర. అన్నీ చదివాను. పదమూడోది ఎవరూ రాయలేదు. రాయరు కూడా, వాళ్ళూ అదే చేస్తారు కాబట్టి.

నేను ఆయనతో మన జావా మాటల్లో మాట్లాడలేదు. ఆఫీసు భాషలో, బడిలో నేర్పే ఇండోనేషియా భాషలో మాట్లాడాను. ఆయన రెండో క్లాసు దాకా చదివాడు. నేను చెప్పిందాంట్లో ఆయనకి తెలిసిన మాటలు "కాలు", "షుగరు", "పట్నం". అంతే. స్నేహితులతో మాట్లాడే జావా మాటలు నాకూ వచ్చు, కానీ అరవై ఏళ్ళాయన్ని ఆ మాటల్లో పలకరిస్తే "ఒరేయ్" అన్నట్టే. పెద్దవాళ్ళతో మాట్లాడాల్సిన మర్యాద మాటలు నోటికి రావు. ఆఫీసు భాషలో ఎవరూ పెద్ద కాదు, ఎవరూ చిన్న కాదు. అందులో తప్పు దొర్లదు. అందుకే దాని వెనక దాక్కున్నాను.

ఎందుకు రావో తెలుసా? తొమ్మిదేళ్ళప్పుడు, రంజాను ఉపవాసాలు ముగిసిన లెబరాన్ పండక్కి నీ ముందు మోకరిల్లాను, నువ్వు నేర్పిన క్షమాపణ మాటలు అప్పజెప్పడానికి. ఇంటినిండా చుట్టాలు. నేను కంగారులో "తమ పాదాలకు మొక్కడానికి నేను వేంచేశాను" అన్నాను. నువ్వు నవ్వావు. నవ్వితే పోయేది. వచ్చిన ప్రతి చుట్టానికీ టీతో పాటు ఆ మాట వడ్డించావు. "మహారాణి వారు వేంచేశారు, పీట వేయండి." ఆ ఏడాది, పై ఏడాది, ఆ పైన. అప్పటి నుంచి నేను పెద్దవాళ్ళ ముందు ఆ మాటలు ఎత్తలేదు. తల ఊపి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అణకువ గల పిల్ల అనుకున్నారందరూ.

వాగిరాన్ నవ్వేవాడు కాదు, నాకు తెలుసు. కానీ ఆయన ముందు కూర్చుని నోరు తెరిస్తే నా గొంతులో నువ్వు కూర్చుని ఉన్నావు.

ఆయన చెల్లెలింటి నుంచి తిరిగొచ్చాడు. నర్సు రోజూ వెళ్ళి కట్టు మారుస్తోంది, సూది వేస్తోంది. నలుపు ఇంకా పాకుతోంది. నేను వాళ్ళ వీధి దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను.

వెనింగ్

---

జోగ్జా,
12 మే

వెనింగ్,

నీ ఉత్తరం చదివి వెంటనే ఒక జవాబు రాశాను. నేను అంతగా నవ్వలేదని, నీకు జ్ఞాపకం తప్పి ఉంటుందని, అయినా ఒక్క మాటకి డాక్టరు నోరు పడిపోతుందా అని. చాలా చక్కటి ఉత్తరం. అంటించేముందు ఎందుకైనా మంచిదని మీ అమ్మకి ఫోన్ చేసి అడిగాను, నేను నిజంగా అంత నవ్వానా అని.

"నవ్వడమేమిటమ్మా, ఇప్పటికీ చెబుతూనే ఉన్నావుగా. పోయిన ఏడాది మా పెళ్ళిరోజుకి వచ్చినవాళ్ళకి కూడా చెప్పావు. అది ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి పోయింది" అంది.

ఉత్తరం చించేశాను.

హప్సారి దగ్గరికి వెళ్ళాను, ఆ కేసు తీసేయమని. "ఎందుకు బు? బాగా నడిచిందిగా" అంది. చెప్పాను. "మీరు దీన్ని వాడుకుంటానని మనవరాలిని అడిగారా?" అంది.

"రోగి గురించి రాయమన్నాను. రాసింది."

"అడిగారా, బు?"

ఆమెకి నా కూతురి వయసు. నా దగ్గర నేర్చుకున్న గొంతుతోనే నన్ను అడిగింది, మెత్తగా, రెండోసారి. అడగలేదన్నాను. అలా ఎవరి ముందైనా తల దించుకుని నలభై ఏళ్ళయింది. బయటికొస్తే వరండాలో పిల్లలు "బు సుదార్మి, ఆ సుగియెం పాత్ర అద్భుతం" అంటూ చుట్టుముట్టారు. వాళ్ళకి నవ్వు ముఖం పెట్టి ఇంటికొచ్చాను. ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వు ముఖం మీంచి దిగడానికి చాలాసేపు పట్టింది.

నువ్వు నమ్మి రాస్తే నేను చంకలో పెట్టుకుని వీధిలో తిప్పాను. చిన్నప్పుడూ అదే చేశాను. మనలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని క్షమించమని అడగడానికి ఎంత అందమైన మాటలున్నాయో నీకు తెలుసు, నేనే నేర్పాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అడగడానికి ఏమున్నాయా అని రెండు రోజులు వెతికాను. ఒక్కటీ లేదు. మన పూర్వీకులకి ఆ అవసరం వస్తుందని తోచలేదు కాబోలు. అందుకని మొరటుగానే రాస్తున్నాను: తప్పు నాది. క్షమించు.

ఇది రాసి ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయన కాలు ఆగదుగా. దీంతో పాటు రెండు పేజీలు పెడుతున్నాను. నువ్వు ఆయనకి చెప్పవలసిందంతా మొదటి నుంచి చివరిదాకా, మర్యాద మాటల్లో. చూసి చదివితే చాలు. ఒక్క తప్పు కూడా లేదు.

అమ్మమ్మ

---

కరంగ్‌సారి,
18 మే

అమ్మమ్మా,

నీ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాయలేను. దాంతో పెట్టిన రెండు పేజీల గురించి రాస్తాను.

పదహారున సాయంత్రం వెళ్ళాను. సుగియెం చాప వేసింది, టీ ఇచ్చింది, ఉడికించిన కర్రపెండలం పెట్టింది. వాగిరాన్ గోడకి ఆనుకుని కాలు చాచుకుని ఉన్నాడు. నీ కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో ఇద్దరూ సర్దుకుని కూర్చుని చేతులు కట్టుకున్నారు. రాజమందిరం నుంచి ఎవరో వచ్చి పెళ్ళిలో మాట్లాడుతున్నట్టు తలలు ఇంకా కిందికి పోయాయి. చివరిదాకా చదివాను. నువ్వన్నట్టు ఒక్క తప్పూ లేదు.

"చిత్తం" అన్నాడు.

"ఏం అర్థమైంది?" అన్నాను.

సుగియెం కళ్ళు తుడుచుకుంటూ, "చాలా బాగా చదివారమ్మా" అంది.

కాగితాలు చాప మీద పెట్టేశాను. ఏడుపొచ్చింది. నోటికొచ్చినట్టు మొదలుపెట్టాను. "మావయ్యగారూ, తమరి పాదం చచ్చిపోయింది. అది నిన్ను... తమర్ని కూడా లాక్కుపోతుంది. మొదటిసారి తమరు వచ్చినప్పుడే, నేను మాట్లాడటానికి వేంచేసినప్పుడే, సరిగ్గా చెప్పలేదు..."

సుగియెం భుజం మీది గుడ్డ నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు నవ్వు, కిచకిచమని బయటికొచ్చేసింది. నా చెవులు మండిపోయాయి. లేచి పోదామనుకున్నాను.

అప్పుడు వాగిరాన్ తలెత్తాడు. "ఊరుకోవే, పిల్ల ముఖం చూడు" అని ఆమెని కసిరి, నాతో, "వేంచేయడం మేము అనాలమ్మా. మీరు ఉత్తినే 'వచ్చాను' అనండి" అన్నాడు.

"వచ్చాను."

"ఆఁ. ఇప్పుడు చెప్పండి. ఏం చచ్చిపోయిందన్నారు?"

చెప్పాను. నాకొచ్చిన వంకర మాటల్లో. మధ్య మధ్యలో ఆయన ఆపి మాట అందించాడు. అంతా విన్నాడు. పాదం వైపు చూసుకుని అడిగాడు: "కోసినాక దాన్ని ఏం చేస్తారు?"

అదీ, అమ్మమ్మా, సంగతి. కత్తి భయం కాదు. మొండితనం కాదు. బట్టీలో ఆయన జతగాడికి చెయ్యి నలిగితే పట్నంలో తీసేశారట. ఆ చెయ్యి ఇంటికి రాలేదు. అడిగితే ఆసుపత్రి చెత్తతో కాల్చేశామన్నారట. "మా నాన్న పక్కన నన్ను పాతిపెడతారు. పాదం ఒక్కటీ పరాయి ఊళ్ళో బూడిదయిపోతే, నేను పైలోకానికి కుంటుకుంటూ పోవాలా?" అన్నాడు. సుగియెం నవ్వు ఆగిపోయింది. ఆవిడకీ తెలియదు ఈ భయం.

మార్కుల కాగితంలో ఆరో అంశం ఏమిటో నాకు చెప్పకు. రోగి భయమేమిటో అడుగుట. నాకు తెలుసు.

వాళ్ళ వాకిట్లో నిలబడి, సిగ్నలు దొరికేదాకా చెయ్యెత్తి తిరిగి, పట్నం ఆసుపత్రికి ఫోన్ చేశాను. కుటుంబం రాసిస్తే తిరిగి ఇస్తామన్నారు. దాన్ని నేనే దగ్గరుండి తెస్తానని ఆయనకి మాటిచ్చాను. "అయితే వస్తాను" అన్నాడు. చిత్తం అనలేదు. నిన్న పొద్దున్న అంబులెన్స్ వచ్చేసరికి స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

నీ రెండు పేజీలూ సుగియెం అడిగి తీసుకుంది. ఏ కవర్లో దాచిందో వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

వెనింగ్

---

కరంగ్‌సారి,
5 జూన్

అమ్మమ్మా,

నీ నుంచి జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను.

పంతొమ్మిదిన కోశారు. చీలమండ దగ్గర ఆగలేదు. మోకాలి పైన ఆగింది. బతికాడు.

మాటిచ్చాను కదా, వెళ్ళాను. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. వ్యానులో ఆయన అల్లుడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కన. మూడు గంటల దారి. వాళ్ళ శ్మశానంలో వాగిరాన్ నాన్న పక్కన పొట్టి గొయ్యి తవ్వారు. ఊరి ముల్లాగారు చిన్న ప్రార్థన చేశారు. సుగియెం పువ్వులు చల్లింది. ఆ గుడ్డలో పాదమే కాదు, పిక్క, మోకాలు కూడా ఉన్నాయి. ఆ బరువు నాకు తెలుసు, ఆసుపత్రి గుమ్మం దాకా నేనే పట్టుకున్నాను.

మొన్న ఆయన్ని తిరిగి మా వార్డుకి తెచ్చారు. కట్టు విప్పుతుంటే అడిగాడు, "డాక్టరమ్మా, ఒకటి అడగనా? మొదటి రోజే నాకు తెలిసుంటే ఎంత పోయేది?"

"రెండు వేళ్ళు."

"మోకాలు ఉండేదా?"

నర్సు నా కాలు తొక్కింది. ఇలాంటిదానికి ఏం చెప్పాలో పాఠాల్లో లేదు.

"ఉండేది" అన్నాను. "నేను మీకు అర్థమయ్యేలా చెప్పలేదు. మీకు అర్థమైందని రాసి సంతకం పెట్టాను."

కిటికీ వైపు తిరిగాడు. తర్వాత, "ఇవాళ్టికి వెళ్ళిపొండమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెళ్ళిపోయాను. డాక్టర్ ప్రియో పిలిచి, "ఎవరు చెప్పమన్నారు నిన్ను? ఆయన అడిగినంత మాత్రాన?" అని కేకలేశారు.

నిన్న వెళితే కట్టు విప్పనిచ్చాడు. మాట్లాడలేదు. ఇవాళ కూడా.

వెనింగ్

---

జోగ్జా,
11 జూన్

వెనింగ్,

జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. నీ పద్దెనిమిదో తారీకు ఉత్తరం చదివాక నా రెండు పేజీలు గుర్తొచ్చి, కలం పట్టుకోవాలంటే మనసు రాలేదు. క్షమించమని అడిగిన కాగితం వెనకాలే నా పాండిత్యం పెట్టి పంపాను చూశావా. అదీ నేను.

"ఉండేది" అన్నావు. నేనైతే అబద్ధమాడేదాన్ని. ఎంత తియ్యగా ఆడేదాన్నంటే అద్దం వెనక వాళ్ళు పూర్తి మార్కులు వేసేవాళ్ళు. ఇన్నేళ్ళుగా నేను పిల్లలకి నేర్పింది మాట్లాడటమా, మాటలతో తప్పించుకోవడమా అని ఇప్పుడు సందేహంగా ఉంది. ఈ వయసులో ఇది రాకూడని సందేహం.

మొన్న ఆ ముప్పై రెండు మందినీ కూర్చోబెట్టమని హప్సారిని అడిగాను. వాళ్ళ ముందు నిలబడి చెప్పాను: మొన్నటి కథ నాది కాదు, అడక్కుండా తెచ్చాను, మీరు బోర్డు మీద రాయని తప్పు ఒకటుంది, అది ఆ డాక్టరుది కాదు, చిన్నప్పుడు ఆ పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేసినదానిది, ఆవిడ మీ ఎదురుగా ఉంది. నీ పేరు ఈసారి కూడా చెప్పలేదు. చివర్న ఒకమ్మాయి చెయ్యెత్తి, "బు, ఇది పరీక్షలో వస్తుందా?" అంది. వస్తుందన్నాను.

నాకు అక్కడికి రావాలనుంది. ఆయన్ని చూడాలని. నిన్ను చూడాలని. బస్సు ఏడు గంటలే కదా. రమ్మంటావా?

ఒక సంగతి. ఇరవై నాలుగేళ్ళలో నువ్వు నాకు ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు. "సరే అమ్మమ్మా." ప్రతిదానికీ అంతే. అదంతా నిజమని నమ్మి, నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఈసారి ఏది నిజమో అది రాయి.

అమ్మమ్మ

---

కరంగ్‌సారి,
18 జూన్

అమ్మమ్మా,

వద్దు. ఇప్పుడు రావద్దు.

నువ్వొస్తే ఆయనతో నువ్వే మాట్లాడతావు. బాగా మాట్లాడతావు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను. నిన్న ఆయన నాతో మొదటిసారి మాట్లాడాడు. క్షమించానని కాదు. కర్రలు చంకలో గుచ్చుకుంటున్నాయని. రేపు గుడ్డ చుట్టి తీసుకెళతాను. ఆ పని నేనే చెయ్యాలి. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు.

నీ మీద కోపం పోయిందా అంటే, కొంత ఉంది. క్షమించమన్న ఉత్తరం మాత్రం దాచుకున్నాను.

లెబరాన్‌కి కూడా ఇంటికి రాలేనేమో. వచ్చినా ఆ మాటలు అప్పజెప్పలేను, ఈ ఏడాదికి అడగకు. ఉత్తరాలు రాయి. నేనూ రాస్తాను, వాన సంగతి కాకుండా.

ఈ ఒక్క "వద్దు" రాయడానికి మూడు కాగితాలు చించాను. మొదటి మూడింట్లోనూ "సరే అమ్మమ్మా" అనే వచ్చింది.

వెనింగ్

---

జోగ్జా,
23 జూన్

వెనింగ్,

నీ ఉత్తరం అందింది.

సంచి సర్దుకుని ఉన్నాను. విప్పేశాను.

అమ్మమ్మ